కెన్యా హైకోర్టు తీర్పులు: సివిల్‌లో, క్రిమినల్‌లో ఏ మాటను పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు హైదరాబాద్‌లో లాయరు. మీ క్లయింటు కంపెనీకి నైరోబీలో శాఖ ఉంది. కంపెనీ లారీ ఢీకొని ఒకాయన చనిపోతే మెజిస్ట్రేట్ కోర్టు పరిహారం కట్టమని డిక్రీ (కోర్టు ఆదేశం) ఇచ్చింది. అదే శాఖలో పనిచేసే తెలుగు కుర్రాడు కంపెనీ డబ్బు కాజేశాడన్న కేసులో మొదటి రోజే నేరం ఒప్పుకుంటే మూడేళ్ల శిక్ష పడింది. రెండూ హైకోర్టుకు వెళ్లాలి. కెన్యా హైకోర్టు తీర్పులు వందల కొద్దీ ఉచితంగా దొరుకుతున్నాయి గానీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పైగా మన సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) లాగే కనిపించి ఎక్కడో తేడా కొడుతోంది.

తీర్పు తెరవగానే జడ్జి ఏ హోదాలో కూర్చున్నారో చూడండి. పొసగడం లేదని మీకు అనిపిస్తున్న తీర్పుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. 2010 రాజ్యాంగం 165వ అధికరణం కెన్యా హైకోర్టుకు సివిల్, క్రిమినల్ రెండింటిలోనూ పరిమితి లేని ఒరిజినల్ అధికారం ఇచ్చింది. అక్కడ హత్య కేసు విచారణ నేరుగా హైకోర్టులోనే మొదలవుతుంది, మనలాగా సెషన్స్ కోర్టు అంచె లేదు. అదే హైకోర్టు మెజిస్ట్రేట్ తీర్పుల మీద మొదటి అప్పీలు వింటుంది, కింది కోర్టుల మీద రివిజన్ (రికార్డు తెప్పించి తప్పులు సరిదిద్దడం) చేస్తుంది, రాజ్యాంగ పిటిషన్లూ వింటుంది. ఒకే జడ్జి సాక్షిని కళ్లెదుట చూసి రాసిన తీర్పుకూ, మెజిస్ట్రేట్ రికార్డు చదివి రాసిన తీర్పుకూ, ఖైదీ పంపిన ఉత్తరం మీద ఇచ్చిన రివిజన్ ఉత్తర్వుకూ బరువు ఒకటి కాదు.

ఇది కనిపెట్టడానికి తీర్పంతా చదవనక్కర్లేదు. కేసు నంబరు ముందున్న మాట చాలు. క్రిమినల్ కేసు అని ఉంటే ఒరిజినల్ విచారణ, దాదాపు ఎప్పుడూ హత్యే. క్రిమినల్ అప్పీల్, క్రిమినల్ రివిజన్, సివిల్ సూట్, సివిల్ అప్పీల్, పిటిషన్ అన్నవి వాటంతట అవే తెలుస్తాయి. మిసిలేనియస్ అప్లికేషన్ అని ఉంటే చాలావరకు గడువు పొడిగింపో స్టేనో అడిగిన వ్యవహారం. నంబరు మొదట్లో ఈ అనే అక్షరం కనిపిస్తే అది ఎలక్ట్రానిక్ ఫైలింగులో వేసిన కేసు. నైరోబీలో ఈ పద్ధతి 2020లో మొదలైంది.

హైకోర్టుది కాని పని కూడా తెలిసుండాలి. భూమి తగాదాలకు ఎన్విరాన్‌మెంట్ అండ్ ల్యాండ్ కోర్టు, ఉద్యోగ వివాదాలకు ఎంప్లాయ్‌మెంట్ అండ్ లేబర్ రిలేషన్స్ కోర్టు ఉన్నాయి. రెండూ హైకోర్టుతో సమాన హోదా గలవి, వాటి పరిధిలోకి హైకోర్టు వెళ్లకూడదని రాజ్యాంగమే చెప్పింది. రేపు ఆ కుర్రాడు తనను ఉద్యోగంలోంచి అన్యాయంగా తీసేశారని దావా వేస్తే అది హైకోర్టుకు రాదు. పరిధి లేని చోట వేసిన దావాను సరైన కోర్టుకు బదిలీ చేయడం కూడా కుదరదని అక్కడి కోర్టులు చాలాసార్లు అన్నాయి. ఈలోగా లిమిటేషన్ (దావా వేయాల్సిన గడువు) అయిపోతుంది. పరిధి లేదని తేలిన క్షణమే కోర్టు కలం కింద పెట్టేయాలన్నది 1989 నాటి ‘లిలియన్ ఎస్’ అనే ఓడ కేసులో వచ్చిన సూత్రం. ఇప్పటికీ ప్రతి పరిధి అభ్యంతరంలోనూ దాన్ని ఉటంకిస్తారు.

సొమ్ము విలువ సంగతి: 2015 చట్టం ప్రకారం రెసిడెంట్ మెజిస్ట్రేట్ 50 లక్షల షిల్లింగుల దాకా, చీఫ్ మెజిస్ట్రేట్ 2 కోట్ల దాకా సివిల్ దావాలు వింటారు. మధ్యలో 70 లక్షలు, కోటి, కోటిన్నర అంచెలున్నాయి. 10 లక్షల లోపు డబ్బు తగాదాలకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. దాని తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు చట్టపు ప్రశ్న మీదే, వాస్తవాల మీద కాదు. అందుకే స్మాల్ క్లెయిమ్స్ అప్పీళ్లలో హైకోర్టు సాక్ష్యం జోలికి పోకపోవడం చూసి, మామూలు సివిల్ అప్పీల్లోనూ అంతేననుకోకండి.

ఇక మన సీపీసీ పోలిక. అది కాకతాళీయం కాదు. 1897 నుంచి తూర్పు ఆఫ్రికాలో భారత చట్టాలనే అమలు చేశారు. అక్కడ 1930 దాకా నడిచింది మన ఇండియన్ పీనల్ కోడే. పీనల్ కోడ్ మారిపోయినా సివిల్ ప్రొసీజర్ చట్టం, ఎవిడెన్స్ చట్టం మన మూసలోనే మిగిలాయి. కానీ నంబర్లు జరిగిపోయాయి. రెస్ జ్యుడికేటా (ఒకసారి తేలిన వివాదాన్ని మళ్లీ తేకూడదన్న నియమం) మనకు 11వ సెక్షను, అక్కడ 7. అంతర్గత అధికారం మనకు 151, అక్కడ 3ఏ. ఖర్చులు మనకు 35, అక్కడ 27. విదేశీ తీర్పు మనకు 13, అక్కడ 9. రివ్యూ మనకు 114, అక్కడ 80. ఆర్డర్ల విషయం ఇంకా తికమక. 2010లో అక్కడి సివిల్ ప్రొసీజర్ రూల్సు కొత్తగా రాశారు. ఇంజంక్షను ఇప్పుడు ఆర్డర్ 40, అప్పీలులో స్టే ఆర్డర్ 42 రూల్ 6, రివ్యూ ఆర్డర్ 45. అంతకుముందు తీర్పుల్లో ఇంజంక్షను మనలాగే ఆర్డర్ 39, స్టే ఆర్డర్ 41 రూల్ 4, రివ్యూ ఆర్డర్ 44. కాబట్టి 2005 నాటి తీర్పులో ‘ఆర్డర్ 41’ చూసి మన ఆర్డర్ 41కి జోడించి చదివితే ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి బోల్తా కొడుతుంది. భారతీయ తీర్పులు అక్కడ చూపించవచ్చు, వింటారు. కట్టుబడాల్సిన అవసరం మాత్రం వాళ్లకు లేదు. 2021 మే 13న నైరోబీ హైకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం రాజ్యాంగ సవరణ కేసులో మన కేశవానంద భారతి నాటి మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని (రాజ్యాంగపు మూల స్వభావాన్ని సవరణతో కూడా మార్చకూడదన్నది) స్వీకరించింది. ఆగస్టులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ (హైకోర్టుకు పైకోర్టు) దాన్ని నిలబెట్టింది. 2022 మార్చి 31న కెన్యా సుప్రీంకోర్టు ఆ సిద్ధాంతం కెన్యాకు వర్తించదంది. హైకోర్టు తీర్పు మాత్రమే చదివి ఆగిపోయినవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడ దాన్ని చూపిస్తుంటారు.

అసలు ఒక హైకోర్టు జడ్జి తీర్పు మరో హైకోర్టు జడ్జికి శిరోధార్యం కాదు. మొంబాసా జడ్జి ఒకలా, నకురు జడ్జి ఇంకోలా చెప్పొచ్చు, ఇద్దరూ తప్పు చేసినట్టు కాదు. ప్రధాన న్యాయమూర్తి ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ బేసి సంఖ్యలో జడ్జీలతో బెంచి వేస్తే దాని మాటను ఎక్కువ గౌరవిస్తారు గానీ, దానికీ కట్టుబడాల్సిన అవసరం లేదు. అంతకు మించి బలం కావాలంటే కోర్ట్ ఆఫ్ అప్పీల్, సుప్రీంకోర్టుల్లో వెతకాలి. తీర్పులు ప్రచురించేది కెన్యా లా అనే ప్రభుత్వ సంస్థ. పాత తీర్పులకు సంవత్సరం తర్వాత ఈకేఎల్ఆర్ అని ఉంటుంది. ఈమధ్యవాటికి కేఈహెచ్‌సీ అన్న కోడు, నంబరు, కేఎల్ఆర్ ఉంటాయి. అందులో హెచ్‌సీ అంటే హైకోర్టు. అది లేకుండా సీఏ ఉంటే కోర్ట్ ఆఫ్ అప్పీల్, ఎస్‌సీ ఉంటే సుప్రీంకోర్టు. శోధనలో అన్నీ కలగలిసి వస్తాయి, కోడు చూడకుండా వాడితే ల్యాండ్ కోర్టు తీర్పును హైకోర్టు తీర్పుగా చూపించే ప్రమాదం ఉంది.

చదివే పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది. అక్కడి తీర్పులో పేరాలకు నంబర్లుంటాయి. ముందు ప్లీడింగ్స్ (ఇరుపక్షాల దావా, జవాబు పత్రాలు), తర్వాత సాక్ష్యం (ప్రాసిక్యూషన్ సాక్షులు పీడబ్ల్యూ1, పీడబ్ల్యూ2 ఇలా), తర్వాత ఇరుపక్షాల లిఖిత వాదనలు, అప్పుడు తేల్చాల్సిన అంశాలు, విశ్లేషణ, చివర ఉత్తర్వు. లిఖిత వాదనల భాగం చాలా పొడవు, అందులో లాయర్లు ఉటంకించిన పాత తీర్పుల సారం యథాతథంగా దిగిపోతుంది. కోర్టు దాన్ని ఒప్పుకుందో లేదో పది పేరాల తర్వాత గానీ తెలియదు. కాపీ చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు: ఓడిపోయిన పక్షం వాదనను కోర్టు మాటగా పట్టుకొస్తారు. చివరి ఉత్తర్వు ముందు చదివి, తర్వాత ‘తేల్చాల్సిన అంశాలు’ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి కిందకు రండి. అలాగే ‘జడ్జిమెంట్’ అని కాక ‘రూలింగ్’ అని ఉన్నవాటిలో ఎక్కువ భాగం మధ్యంతర దరఖాస్తుల మీద వచ్చినవే. ఇంజంక్షను రూలింగులో ప్రాథమికంగా కేసు ఉందని కోర్టు అనడం తుది నిర్ణయం కాదు. 1973 నాటి గియెల్లా కేసు చెప్పిన మూడు మెట్లు (ప్రాథమిక కేసు, డబ్బుతో పూడ్చలేని నష్టం, సందేహముంటే సౌకర్యాల తూకం) దాటారని మాత్రమే దానర్థం.

ఇప్పుడు మీ లారీ కేసు. మెజిస్ట్రేట్ డిక్రీ మీద హైకోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, సివిల్ ప్రొసీజర్ చట్టం 79జీ సెక్షను కింద. డిక్రీ కాపీ తయారీకి పట్టిన రోజులను కింది కోర్టు సర్టిఫై చేస్తే అవి మినహాయిస్తారు. ఆ సర్టిఫికెట్ వస్తుందిలే అని కూర్చోవద్దు. మెమొరాండం ఆఫ్ అప్పీల్ (అప్పీలు కారణాల పత్రం) 30 రోజుల్లో దాఖలు చేసేయండి, సాక్ష్యం టైపు కాపీ, సర్టిఫైడ్ డిక్రీ తర్వాత రికార్డ్ ఆఫ్ అప్పీల్‌లో చేరుస్తారు. అదే రోజు ప్రొసీడింగ్స్ (విచారణ రికార్డు) కాపీ కోసం ఉత్తరం పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. గడువు దాటితే పొడిగింపు అడిగేటప్పుడు ఈ ఉత్తరమే ప్రాణం. ప్రొసీడింగ్స్ ఆలస్యమయ్యాయని నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరు. ఆ తర్వాత నిద్రపోకూడదు. మెమొరాండం సర్వ్ చేసిన ఏడాదిలోగా విచారణకు పెట్టించుకోకపోతే రిజిస్ట్రార్ ఆ అప్పీలును కొట్టివేత కోసం జడ్జి ముందు పెట్టొచ్చు (ఆర్డర్ 42 రూల్ 35).

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, మన దగ్గరలాగే. స్టే కోసం ఆర్డర్ 42 రూల్ 6 మూడు అడుగుతుంది: గణనీయమైన నష్టం జరుగుతుందని చూపాలి, ఆలస్యం లేకుండా రావాలి, సెక్యూరిటీ ఇవ్వాలి. ‘మాకు తీరని నష్టం’ అని అఫిడవిట్‌లో రాస్తే చాలదు. డబ్బు డిక్రీలో నష్టమంటే, ఇప్పుడు చెల్లించి రేపు గెలిస్తే తిరిగి రాదన్న భయం. డిక్రీదారు (సొమ్ము రావాల్సిన పక్షం) ఆర్థిక స్థితి గురించి మీకు తెలిసినంతా రాయండి, తిరిగి ఇవ్వగలరన్న నమ్మకం లేదని స్పష్టంగా చెప్పండి. అప్పుడు స్తోమత ఉందని చూపాల్సిన భారం అవతలివైపుకు మారుతుంది. సాధారణంగా వచ్చే ఉత్తర్వు ఇలా ఉంటుంది: డిక్రీలో సగం డిక్రీదారుకు చెల్లించాలి, మిగతా సగం ఇరుపక్షాల లాయర్ల ఉమ్మడి పేరున వడ్డీ వచ్చే ఖాతాలో వేయాలి, ఇన్ని రోజుల్లో. ఆ రోజులు దాటితే స్టే దానంతటదే పోతుందన్న వాక్యం చివర్లో ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నడిచే అప్పీళ్లలో చెక్కు రావడం ఆలస్యమై, ఆ వాక్యం కిందే ఆక్షనీర్ (డిక్రీ కోసం ఆస్తి జప్తు చేసి వేలం వేసేవాడు) వచ్చి లారీలు జప్తు చేసుకుపోవడం కొత్తేమీ కాదు. డెడ్‌లైను ఇన్సూరెన్స్ మేనేజరుకు రాతపూర్వకంగా అదే రోజు పంపించండి. ఇంకోటి: మోటార్ థర్డ్ పార్టీ చట్టం కింద ఇన్సూరెన్స్ చెల్లించాల్సిన పరిమితి 30 లక్షల షిల్లింగులు. డిక్రీ అంతకు మించితే మిగతాది వాహన యజమానిదే. మీ క్లయింటు ఇది ఎప్పుడో చూసుకుని ఉండాల్సింది.

పరిహారం లెక్క దగ్గర కాస్త ఆగుదాం, అప్పీలులో నిజంగా పని జరిగేది ఇక్కడే. మరణ కేసులో రెండు చట్టాలు: లా రిఫార్మ్ యాక్ట్ కింద చనిపోయినవారి ఎస్టేటుకు, ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ కింద ఆధారపడినవారికి. రెండో దాంట్లో పెద్ద అంకె పోషణ నష్టం. లెక్క ఇలా వేస్తారు: నెల నికర ఆదాయం, దాన్ని 12తో, మల్టిప్లయర్‌తో (ఇంకా ఎన్నేళ్లు సంపాదించేవారన్న అంచనా), డిపెండెన్సీ నిష్పత్తితో (ఆదాయంలో కుటుంబానికి వెళ్లే వాటా) గుణిస్తారు. భార్యాపిల్లలున్నవారికి నిష్పత్తి ఎక్కువగా మూడింట రెండు వంతులు. నెలకు 30,000 షిల్లింగులు, మల్టిప్లయర్ 15 అనుకుంటే 30,000 × 12 × 15 × 2/3, అంటే 36 లక్షలు. చనిపోయినవారి తప్పు కూడా 20 శాతం ఉందని తేలితే 28.8 లక్షలు. చూడండి, ఆ 20 శాతం తేలితే ఈ అంకె 30 లక్షల గీతకు దిగువకు వస్తుంది. మీ అప్పీలులో మొదటి గ్రౌండు (అప్పీలు కారణం) ఏది కావాలో దీంతోనే తెలుస్తోంది.

ఆదాయానికి రుజువు లేకపోతే కొందరు జడ్జీలు ఆ వృత్తికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం తీసుకుంటారు. ఇంకొందరు మల్టిప్లయర్ వదిలేసి ఒకే ముద్దగా మొత్తం ఇస్తారు. మల్టిప్లయర్ ఒక పద్ధతే తప్ప శాసనం కాదని, వయసు, ఆదాయం తేలనప్పుడు దాన్ని బలవంతంగా వాడకూడదని ఎప్పటినుంచో ఉన్న మాట. మీకు పొసగనట్టు కనిపించిన తీర్పుల్లో కొన్ని ఈ రెండు దారుల మధ్య తేడా వల్లే అయి ఉంటాయి. వేటిలో ఆదాయం రుజువైందో చూసి వాటినే మీ కేసుతో పోల్చండి. అంత్యక్రియల ఖర్చు, పోలీసు అబ్‌స్ట్రాక్ట్ (ప్రమాదం మీద పోలీసులిచ్చే పత్రం) రుసుము, వాహన శోధన రుసుము వంటివి స్పెషల్ డ్యామేజెస్. వాటిని దావాలో అంకెతో సహా రాసి, రసీదుతో రుజువు చేయాలి. రసీదు లేకుండా ఇచ్చిన మొత్తాన్ని అప్పీలులో కొట్టేయించడం సులువు. జనరల్ డ్యామేజెస్ (రసీదులతో కాక కోర్టు అంచనా వేసి ఇచ్చే పరిహారం) తగ్గించడం అలా కాదు. ‘ఎక్కువగా ఉంది’ అంటే సరిపోదు. 1987 నాటి కెమ్‌ఫ్రో కేసు ప్రకారం, కింది కోర్టు అసంబద్ధ విషయాన్ని లెక్కలోకి తీసుకుందనో, సంబద్ధమైనదాన్ని వదిలేసిందనో, మొత్తం చూడగానే పూర్తిగా తప్పు అంచనా అనిపించేంత ఎక్కువో తక్కువో అయిందనో చూపాలి. ఎస్టేటుకూ ఆధారపడినవారికీ ఒకే మనుషులు వారసులైతే రెండుసార్లు లాభం రాకుండా కోర్టు లెక్కలోకి తీసుకోవాలన్నదీ అదే కేసు. అంటే షిల్లింగుకు షిల్లింగు తీసేయాలని కాదు. ఈ తేడా వదిలేసి ‘డబుల్ అవార్డు’ అని గ్రౌండు రాసేవాళ్లు ఎక్కువ.

ఈ అప్పీలు మొదటి అప్పీలు కాబట్టి హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ మొదటినుంచి తూచాలి. సివిల్‌లో 1968 నాటి సెల్, క్రిమినల్‌లో 1972 నాటి ఒకెనో కేసులు ఇందుకు ఆధారం. సాక్షులను కళ్లారా చూడలేదన్న మినహాయింపు మాత్రం ఇవ్వాలి. తీర్పు ఈ రెండిట్లో ఒకదాన్ని ఉటంకించి, ఆ తర్వాత నిజంగా తూచకుండా మెజిస్ట్రేట్ మాటలే తిరగరాస్తే, కోర్ట్ ఆఫ్ అప్పీల్‌లో అదే మంచి చట్టపు గ్రౌండు అవుతుంది.

కుర్రాడి కేసుకు వద్దాం. యజమాని సొమ్ము దొంగిలించిన ఉద్యోగికి పీనల్ కోడ్ 281వ సెక్షను కింద గరిష్ఠం ఏడేళ్లు. నేరం ఒప్పుకున్నాడు గనుక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 348 అడ్డం వస్తుంది: ఒప్పుకుని శిక్ష పడినవాడు శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నదాని మీదే అప్పీలు చేయగలడు. అయినా దారి మూసుకుపోలేదు. ఒప్పుకోలు నిస్సందేహమైనది కాకపోతే అది ఒప్పుకోలే కాదు. 1973 నాటి అదాన్ కేసు వరుస చెప్పింది: నిందితుడికి అర్థమయ్యే భాషలో అభియోగం, అందులోని ప్రతి ముఖ్యాంశం చదివి వినిపించాలి. అతని జవాబు వీలైనంత అతని మాటల్లోనే రాయాలి. తర్వాత ప్రాసిక్యూటర్ వాస్తవాలు చెప్పాలి. వాటి మీద అతను ఒప్పుకుంటున్నాడా, ఏమైనా చేర్చుతాడా అడగాలి. ఒప్పుకోకపోతే నేరం నిరాకరించినట్టు మార్చి రాయాలి. ఒప్పుకుంటేనే దోషి అని రాయాలి.

కాబట్టి టైపు చేసిన ప్రొసీడింగ్స్‌తో పాటు మెజిస్ట్రేట్ చేతిరాత రికార్డు కాపీ కూడా తెప్పించండి. ఆ పేజీలో ఏ భాష, ఇంటర్‌ప్రెటర్ ఎవరు అన్నది పైన రాసి ఉంటుంది, సాధారణంగా ఇంగ్లిషు, కిస్వాహిలి అని. మీ కుర్రాడికి ఆ రెండూ సరిగా రావని చూపగలిగితే 50వ అధికరణం కింద ఉచిత ఇంటర్‌ప్రెటర్ హక్కు దెబ్బతిన్నట్టే. కానీ అతను ఇంగ్లిషులో ఈమెయిళ్లు రాసే అకౌంటెంట్ అయితే ఈ గ్రౌండు ఎత్తకండి, మిగతా వాదన కూడా చులకనవుతుంది. తర్వాత వాస్తవాలు చెప్పారా, లేక ‘వాస్తవాలు చార్జిషీటులో ఉన్నట్టే’ అని ఒక్క ముక్కతో కానిచ్చేశారా చూడండి. ఆపైన శిక్ష ముందు అతను చెప్పుకున్న మాటలు చూడండి. ‘కంపెనీ నాకు జీతం బాకీ ఉంది, అందుకే తీసుకున్నాను’ అని రాసి ఉంటే అది దొంగతనానికి డిఫెన్సే. అప్పుడు మెజిస్ట్రేట్ ఒప్పుకోలును తీసేసి విచారణకు పెట్టాల్సింది.

ఒప్పుకోలు చెల్లదని తేలితే విడుదల ఖాయమనుకోకండి. పునర్విచారణ ఆదేశించొచ్చు. 1966 నాటి ఫతేహాలి మాంజీ కేసు ప్రకారం మొదటి విచారణ చట్టవిరుద్ధమో లోపభూయిష్టమో అయితేనే అది, ప్రాసిక్యూషన్ తన ఖాళీలు పూడ్చుకోవడానికి కాదు. ఒప్పుకోలు కేసులో సాక్ష్యమే లేదు కాబట్టి ఆ వాదన మీకు అంతగా పనికిరాదు. అప్పటికే ఎంత శిక్ష అనుభవించాడన్నదే బలమైన అంశం.

అప్పీలు గడువు 14 రోజులు, 349వ సెక్షను. కారణం చూపితే హైకోర్టు పొడిగిస్తుంది, జైల్లో ఉన్నవాళ్ల విషయంలో కాస్త ఉదారంగానే. అప్పీలులో బెయిలు దొరకడం కష్టం: గెలిచే అవకాశం ప్రబలంగా ఉందని, లేదా విచారణ వచ్చేలోగా శిక్షలో పెద్ద భాగం అయిపోతుందని చూపాలి. మూడేళ్ల శిక్షకు రెండో కారణమే నయం. విదేశీయుడు గనుక పాస్‌పోర్టు అప్పగించడానికి, కెన్యా పౌరుడిని ష్యూరిటీగా పెట్టడానికి ముందే సిద్ధం చేసి పెట్టండి. శిక్ష తగ్గించమని వెళ్తే పెంచే అధికారం కూడా హైకోర్టుకు ఉంది. ప్రాసిక్యూషన్ పెంపు కోరితే నోటీసు వస్తుంది, అది వచ్చాక శిక్ష మీది అప్పీలు కొనసాగించాలా అని మళ్లీ ఆలోచించుకోండి.

శిక్ష మీద రెండు పట్లు ఉన్నాయి. ఒకటి 333(2): విచారణకు ముందు కస్టడీలో గడిపిన కాలాన్ని శిక్షలో లెక్కించాలి. మెజిస్ట్రేట్ మాట వరసకు ‘పరిగణించాను’ అని రాసి, శిక్ష తీర్పు తేదీ నుంచి మొదలుపెడితే హైకోర్టు సరిదిద్దుతుంది. అయితే మొదటి రోజే ఒప్పుకున్నవాడికి అరెస్టుకు, తీర్పుకు మధ్య కొద్ది రోజులే ఉంటాయి. రెండోదే మీకు పనికొచ్చేది. కమ్యూనిటీ సర్వీస్ ఆర్డర్ల చట్టం మూడేళ్లు, అంతకు తక్కువ శిక్షలకు వర్తిస్తుంది. మీ కుర్రాడి శిక్ష సరిగ్గా ఆ హద్దు మీదుంది. ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు అనుకూలంగా వస్తే మిగిలిన కాలాన్ని జైలు బయట సేవగా మార్చిన తీర్పులు చాలా ఉన్నాయి. తీసిన సొమ్ము కంపెనీకి తిరిగి కట్టాడన్న కాగితం ఉంటే ఆ రిపోర్టు రంగే మారుతుంది. ఫిర్యాదుదారు మీ క్లయింటే గనుక ఇది మీ చేతిలోని పనే. ఒక్క విషయం, ఫిర్యాదుదారైన కంపెనీకీ శిక్షపడ్డ ఉద్యోగికీ మీరే సలహా ఇవ్వడం సరికాదు. అతనికి నైరోబీలో వేరే అడ్వొకేట్‌ను చూపించండి.

అప్పీలు మానేసి రివిజన్ కోరదామా అంటే 364(5) చూడండి. అప్పీలు హక్కున్నవాడు అది వాడుకోకుండా రివిజన్ అడగకూడదు. మరి ఖైదీల ఉత్తరాల మీద రివిజన్లు ఎలా నడుస్తున్నాయంటారా? హైకోర్టు తనంతట తాను రికార్డు తెప్పించుకునే అధికారం కింద. అది జడ్జి ఇష్టం. దాని మీద ఆశపెట్టుకుని 14 రోజులు పోగొట్టుకోవద్దు.

మీ కేసుకు సంబంధం లేకపోయినా ఒక హెచ్చరిక, మీరు చదువుతున్నవాటిలో ఇవి తప్పక తగులుతాయి. 2017 డిసెంబరు 14న సుప్రీంకోర్టు మురువాటెటు కేసులో హత్యకు తప్పనిసరి ఉరిశిక్ష రాజ్యాంగ విరుద్ధమంది. దాన్ని పట్టుకుని హైకోర్టు జడ్జీలు దోపిడీ, అత్యాచార కేసుల్లో కూడా శిక్షలు తిరగరాశారు. 2021 జులై 6న సుప్రీంకోర్టు, తాము చెప్పింది హత్య కేసులకే అని స్పష్టం చేసింది. అంటే 2018 నుంచి 2021 మధ్య దోపిడీ శిక్షలు తగ్గించిన హైకోర్టు తీర్పులు ఇప్పటికీ కెన్యా లాలో కనిపిస్తాయి, పనికిరావు. లైంగిక నేరాల చట్టంలోని కనీస శిక్షల మీదా అంతే. బాధితురాలి వయసు 12 నుంచి 15 మధ్య ఉంటే 20 ఏళ్లకు తగ్గకూడదు, 16 నుంచి 18 మధ్య ఉంటే 15 ఏళ్లకు తగ్గకూడదు. 2022లో మచాకోస్ హైకోర్టు ఈ కట్టడి జడ్జి విచక్షణను కట్టేస్తోందంది, చాలామంది దాన్ని అనుసరించారు. 2024 జులైలో సుప్రీంకోర్టు మరో కేసులో, ఆ కనీస శిక్షలు చట్టబద్ధంగానే ఉన్నాయని, వాటికి దిగువకు వెళ్లడానికి వీల్లేదని తేల్చింది. శిక్షల మీద ఏ హైకోర్టు తీర్పు చూపించినా తేదీని ఈ మూడు తేదీలతో పోల్చి చూసుకోండి.

హైకోర్టులో ఓడితే కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కు 14 రోజుల్లో నోటీస్ ఆఫ్ అప్పీల్, సివిల్‌లో ఆ నోటీసు వేసిన 60 రోజుల్లో రికార్డు. రెండో అప్పీలు చట్టం మీదే, వాస్తవాల మీద కాదు.

చివరగా మీరు అడగని సంగతి, కానీ హైదరాబాద్ ఆఫీసుకు వచ్చేది ఇదే. డిక్రీదారు నైరోబీలో వసూలు కాక ఇక్కడి ఆస్తుల మీదకు వస్తే ఏమిటి? మన సీపీసీ 44ఏ కింద ప్రకటించిన దేశాల్లో కెన్యా లేదు. కాబట్టి ఆ డిక్రీని నేరుగా ఇక్కడ ఎగ్జిక్యూషన్‌కు పెట్టలేరు, దాని మీద కొత్త దావా వేయాలి, తీర్పు తేదీ నుంచి మూడేళ్లలో. 13వ సెక్షను మినహాయింపులన్నీ (విదేశీ తీర్పు చెల్లని సందర్భాలు) మీకు తెరిచే ఉంటాయి. ముఖ్యంగా చూడాల్సింది ఎక్స్‌పార్టీ డిక్రీ (అవతలి పక్షం రాకుండానే ఇచ్చినది) ఏ దారిన వచ్చిందన్నది. కెన్యాలో నికరమైన బాకీ దావాకు జవాబు రాకపోతే ఆర్డర్ 10 కింద సాక్ష్యం లేకుండానే తీర్పు నమోదవుతుంది. అలాంటిది మెరిట్స్ మీద ఇచ్చిన తీర్పు కాదని ఇక్కడ వాదించొచ్చు. మీ లారీ కేసులాంటి నష్టపరిహారం దావాలో అయితే మధ్యంతర తీర్పు తర్వాత ఫార్మల్ ప్రూఫ్ పేరిట సాక్షిని విచారిస్తారు, అప్పుడు ఆ వాదన నిలవడం కష్టం. మీ క్లయింటు కెన్యాలో ఎవరి మీదైనా డిక్రీ తెచ్చుకుని ఇక్కడ వసూలు చేయాలనుకుంటే ఇదే తిరగేసి వాడండి: అవతలివాడు రాకపోయినా సరే, అఫిడవిట్‌తోనో సాక్షితోనో రుజువు రికార్డులోకి ఎక్కించమని, కారణాలు రాసిన తీర్పు తీసుకోమని నైరోబీ లాయరుకు మొదటి రోజే చెప్పండి.